పేర్లు రాసే లీడర్ వద్దు

జూన్‌లో బళ్ళు తెరిచిన మొదటి వారంలోనే ప్రతి తరగతిలోనూ ఒక నియామకం జరిగిపోతుంది. క్లాస్ టీచర్ హాజరుపట్టీ మూసి, నిరుడు ఫస్ట్ ర్యాంకు ఎవరిదని అడుగుతారు. లేచి నిలబడిన పిల్లో, పిల్లవాడో ఆ క్షణం నుంచి క్లాస్ లీడర్. మిగతా నలభై మందిని ఎవరూ ఏమీ అడగరు. ఆ లీడర్ చేసే పనులు తెలుగునాట బడికి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ తెలిసినవే. స్టాఫ్‌రూమ్ నుంచి చాక్‌పీసులు తేవాలి. హోంవర్క్ నోట్సులు పోగుచేసి టేబుల్ మీద పెట్టాలి. సార్ రాని పీరియడ్‌లో మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. కొన్నిచోట్ల బెత్తం కూడా ఆ చేతికే వస్తుంది.

ఈ పద్ధతిని సమర్థించే అభిప్రాయం ఉపాధ్యాయుల్లోనూ తల్లిదండ్రుల్లోనూ గట్టిగా పాతుకుపోయింది. హైస్కూలు పిల్లలకు ఎన్నికలెందుకు, అది చదువుకునే వయసు అంటారు. ఓట్లు పెడితే బడిలోకి రాజకీయం వస్తుందని, కులాలుగా, గ్రూపులుగా పిల్లలు చీలిపోతారని భయపడతారు. బాగా చదివి మాట వినే పిల్లను టీచరే చూసి పెడితే తరగతి అదుపులో ఉంటుందని నమ్ముతారు. ఇలా అనేవాళ్ళు పిల్లల మేలు కోరేవాళ్ళే. వాళ్ళ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. వాళ్ళ అభిప్రాయం మాత్రం మొదటి నుంచి చివరి దాకా తప్పు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. క్లాస్ లీడర్ అనే పేరుతో మన బళ్ళలో నడుస్తున్నది కాపలా, నాయకత్వం కాదు. పిల్లల తరఫున బడితో మాట్లాడాల్సిన మనిషిని, బడి తరఫున పిల్లలను కనిపెట్టే మనిషిగా మార్చేశాం. లీడర్‌ను పిల్లలే రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. పేర్లు రాసే పని, శిక్షించే పని ఆ చేతుల్లోంచి తీసేయాలి. తరగతి కష్టసుఖాలను హెడ్మాస్టరు ముందు పెట్టి జవాబు రాబట్టే హక్కు ఆ చేతుల్లో పెట్టాలి.

ఈ లీడర్ ఎక్కడి నుంచి వచ్చాడు

ఈ పదవి పుట్టుక తెలిస్తే దాని స్వభావం అర్థమవుతుంది. మన వీధిబడుల్లో పెద్ద పిల్లలు చిన్న పిల్లలచేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు మతాచార్యుడు ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టాడు. 1797లో దాని గురించి లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో అది ఇంగ్లండులో పాకింది. దాదాపు అదే కాలంలో జోసెఫ్ లాంకాస్టర్ కూడా అలాంటి బళ్ళే నడిపాడు. ఒక్క మాస్టరు, వందలమంది పిల్లలు, మధ్యలో మానిటర్లనే పెద్ద పిల్లలు. తక్కువ జీతాల ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పి, ఎక్కువమందిని అదుపులో పెట్టడమే ఆ ఏర్పాటు బలం. ఆ తరువాత 1828 నుంచి ఇంగ్లండులోని రగ్బీ బడిలో థామస్ ఆర్నాల్డ్ పై తరగతి విద్యార్థులకు కింది తరగతుల మీద పెత్తనమిచ్చి ప్రిఫెక్ట్ వ్యవస్థకు పేరు తెచ్చాడు. ఇవాళ మన కాన్వెంట్లలో కనిపించే హెడ్ బాయ్, హెడ్ గర్ల్, హౌస్ కెప్టెన్ ఆ దారిలో వచ్చినవాళ్ళే.

అంటే మానిటర్ పుట్టింది ఉపాధ్యాయుడి కొరత తీర్చడానికి. ప్రిఫెక్ట్ పుట్టింది యాజమాన్యం చెయ్యి కింది దాకా చాపడానికి. పిల్లలకు ఏం కావాలో తెలుసుకోవడం కోసం ఈ రెండు పదవుల్లో ఏదీ పుట్టలేదు. మనం ఆ రెంటినీ కలిపి 'లీడర్' అని పేరు పెట్టాం గానీ, పని పాతదే ఉంచాం.

స్వతంత్ర భారతం దీన్ని పట్టించుకోలేదనడానికీ లేదు. 1952లో కేంద్రం నియమించిన మాధ్యమిక విద్యా సంఘానికి అధ్యక్షుడు కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియార్. ప్రజాస్వామ్యంలో బతకగల పౌరులను తయారుచేయడం హైస్కూలు చదువు ముఖ్య లక్ష్యాల్లో ఒకటని ఆ సంఘం 1953 నివేదికలో చెప్పింది. అన్ని బళ్ళలోనూ విద్యార్థుల స్వపరిపాలన ఉండాలని, హౌస్‌లు, ప్రిఫెక్టులు, విద్యార్థి మండళ్ళు ఏర్పడాలని, నడవడి నియమాలను పిల్లలే రాసుకుని వాటి అమలు వాళ్ళే చూసుకోవాలని సిఫారసు చేసింది. 70 ఏళ్ళు దాటాయి. హౌస్‌లకు రంగులు, పేర్లు మిగిలాయి. నియమాలు రాసుకునే హక్కు మాత్రం పిల్లల దాకా రాలేదు.

వయసు చాలదన్న మాట

ఇక ఒక్కొక్క అభ్యంతరానికీ జవాబు చెబుతాను. మొదటిది వయసు. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. మన గ్రామ పంచాయతీల్లో 21 నిండినవారు సర్పంచ్‌గా పోటీ చేయవచ్చు. పదో తరగతి పూర్తయ్యేటప్పటికి పిల్లలకు 15, 16 ఏళ్ళు. ఆ తరువాత రెండేళ్ళు ఇంటర్, అందులో చాలామందికి హాస్టలు, స్టడీ అవర్లు, ఎంట్రన్సు పరీక్షలు తప్ప మరో లోకం ఉండదు. అది దాటగానే ఓటు చేతికి వస్తుంది. మరి ఓటు వేయడం, ఓడినప్పుడు తట్టుకోవడం, గెలిచినవాణ్ణి లెక్క అడగడం, తనకు నచ్చని నిర్ణయానికి కట్టుబడుతూనే దాన్ని మార్చడానికి ప్రయత్నించడం, ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? సాంఘికశాస్త్రం పుస్తకంలో శాసనసభ ఎలా ఏర్పడుతుందో చదివి నాలుగు మార్కుల జవాబు రాస్తే సరిపోతుందా?

పైగా హైస్కూలు పిల్లలకు బాధ్యత తెలియదనడం మన ఇళ్ళనే మనం చూడకపోవడం. పత్తి ఏరడానికి తల్లి పొద్దున్నే వెళ్ళిపోతే తమ్ముడికి అన్నం పెట్టి, జడ వేసుకుని, తలుపు తాళం వేసి బడికి వచ్చే ఎనిమిదో తరగతి పిల్ల ప్రతి ఊళ్ళోనూ ఉంది. బ్యాంకులో తండ్రి ఫారం నింపేది పిల్లలు. ఫోన్‌లో డబ్బు పంపడం నాయనమ్మకు నేర్పేది పిల్లలు. ఇంట్లో ఇంత బరువు మోస్తున్న పిల్ల, తన తరగతికి ఎవరు లీడర్‌గా ఉంటే బాగుంటుందో చెప్పలేదని బడి ఏ ఆధారంతో తేల్చింది? కబడ్డీ ఆడేటప్పుడు పిల్లలు కెప్టెన్‌ను వాళ్ళే పెట్టుకుంటారు. అందరికంటే పొడుగైనవాణ్ణో, అందరికంటే మార్కులు వచ్చినవాణ్ణో పెట్టుకోరు. ఆట తెలిసి, అందరినీ కలుపుకుపోయేవాణ్ణి పెట్టుకుంటారు. ఆ వివేకం గీత దాటి తరగతి గదిలోకి రాగానే పోదు.

చట్టం కూడా పిల్లల పక్షానే ఉంది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, తనకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలని చెబుతుంది. భారతదేశం 1992 డిసెంబరులో దానికి కట్టుబడింది. అంతకు ముందే, 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో మన సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు గానీ, తమ మతవిశ్వాసం కారణంగా గొంతు కలపలేదు. బడి వాళ్ళను తీసేసింది. వాళ్ళను తిరిగి చేర్చుకోవాలని తీర్పు రాసిన ధర్మాసనానికి నాయకత్వం వహించింది తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. బడి గేటు దాటి లోపలికి వచ్చినంత మాత్రాన పిల్లలు రాజ్యాంగం నుంచి బయటికి పోరని ఆ తీర్పు తేల్చింది. మన స్టాఫ్‌రూముల్లో ఆ మాట ఇంకా వినిపించాల్సి ఉంది.

ఫస్ట్ ర్యాంకు సంగతి కూడా చెప్పాలి. మార్కులు తెచ్చుకోవడం ఒక ప్రతిభ. నలుగురి తరఫున నిలబడి మాట్లాడటం ఇంకొక ప్రతిభ. రెండూ ఒకరిలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆడపిల్లల బాత్రూమ్‌లో కుళాయి ఎన్నాళ్ళుగా పనిచేయడం లేదో, ఫలానా పిల్లవాడు సోమవారాలు ఎందుకు రావడం లేదో చివరి బెంచీ పిల్లలకు తెలిసినంతగా ముందు బెంచీకి తెలియని సందర్భాలు ఎన్నో. పైగా ఆ ర్యాంకు పిల్ల మీద మనం వేస్తున్న భారం చిన్నది కాదు. పేరు రాస్తే స్నేహితురాలు మాట్లాడటం మానేస్తుంది. రాయకపోతే సార్ దగ్గర చీవాట్లు. ఎవరి పేరు చెరపాలి, ఎవరి పేరు ఉంచాలి అనే బేరం పదమూడేళ్ళకే మొదలవుతుంది. పై అధికారికి నచ్చడం, తోటివాళ్ళకు దూరం కావడం, ఈ రెండూ కలిస్తేనే నాయకత్వమని ఆ పిల్ల నేర్చుకుంటుంది. బాగా చదివే పిల్లకు ఇది మేలు చేయడం కాదు.

రాజకీయం వస్తుందన్న భయం

రెండో అభ్యంతరం రాజకీయం. ఈ భయానికి కారణం లేకపోలేదు. 1972లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య జరిగింది. ఆ తరువాతి ఏళ్ళలోనూ క్యాంపస్ ఎన్నికల చుట్టూ నెత్తురు చిందింది. 1980ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కళాశాలల విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. దేశవ్యాప్తంగా ఆ ఎన్నికల ఖర్చుకు, హంగామాకు, బయటివాళ్ళ జోక్యానికి పగ్గాలు వేయడానికి లింగ్డో కమిటీ సిఫారసులు చేస్తే, 2006లో సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమంది. అవన్నీ కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు సంబంధించినవి. వాటిని చూపించి ఏడో తరగతి పిల్లలు చీటీల మీద పేర్లు రాసి డబ్బాలో వేయడాన్ని ఆపడం న్యాయం కాదు.

పార్టీలు లేకుండా ఎన్నిక జరగదా? జరుగుతుంది. కేరళ బళ్ళలో ఏటా పాఠశాల పార్లమెంటు ఎన్నికలు జరుగుతాయి. ప్రతి తరగతీ రహస్య ఓటుతో ప్రతినిధిని ఎన్నుకుంటుంది. ఆ ప్రతినిధులు కలిసి బడికి నాయకులను ఎన్నుకుంటారు. పార్టీల పేర్లకు అందులో చోటులేదు. నామినేషన్, పరిశీలన, పోలింగ్, లెక్కింపు అన్నీ పిల్లల ముందే జరుగుతాయి. కేరళ పిల్లలు చేయగలిగిన పని మన పిల్లలు చేయలేరని నమ్మడానికి కారణమేదీ లేదు.

ఇంకో నిజం గమనించాలి. బళ్ళలో, కాలేజీల్లో ఎన్నికలు లేకపోయినంత మాత్రాన మన పిల్లలు రాజకీయానికి దూరంగా ఏమీ లేరు. నాయకుడు ఊళ్ళోకి వస్తే బైక్ ర్యాలీలో ముందుండేది ఇంటర్ కుర్రాళ్ళే. అభిమాన హీరో పేరు మీద, కులం పేరు మీద వాట్సాప్ గ్రూపుల్లో తిట్టుకునేదీ హైస్కూలు వయసు పిల్లలే. ఎవరికో జేజేలు కొట్టడం, ఎవరినో దూషించడం, డబ్బు తీసుకుని జెండా పట్టుకోవడం వాళ్ళకు వీధి నేర్పుతోంది. సమస్యను చెప్పడం, ఎదుటివాడి వాదన వినడం, ఓటుతో తేల్చుకోవడం, మాట ఇచ్చినవాణ్ణి నిలదీయడం బడి నేర్పాలి. బడి ఆ పాఠం మానేస్తే ఆ ఖాళీలోకి వీధి వచ్చి కూర్చుంటుంది. ఎన్నిక పెట్టడం వల్ల రాజకీయం చెడుతుందని భయపడేవాళ్ళు, ఎన్నిక పెట్టకపోవడం వల్ల ఇప్పటికే ఎంత చెడిందో చూడాలి.

కులం, గ్రూపులు

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. ఓట్లు పెడితే తరగతి కులాలుగా చీలుతుందని చాలామంది ఉపాధ్యాయులు మనస్ఫూర్తిగా భయపడతారు. నేను ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోను. కులం మన బళ్ళలో లేదని బుకాయించను. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ఎవరి టిఫిన్ బాక్సులో ఎవరు చెయ్యి పెడతారు, మధ్యాహ్న భోజనం వండే మనిషి ఎవరైతే ఏ పిల్లలు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటారు, గది ఊడవమని ముందుగా ఎవరిని పిలుస్తారు, వీటన్నిటిలోనూ కులం ఉంది. ఎన్నిక దాన్ని పుట్టించదు. ఉన్నదాన్ని బయటపెడుతుంది. బయటపడితేనే టీచర్ దాని గురించి పిల్లలతో మాట్లాడగలరు.

ఇప్పటి నియామక పద్ధతిలో కులం లేదా? ఇంట్లో పుస్తకాలు, ట్యూషన్, చదువుకున్న తల్లిదండ్రులు ఉన్న పిల్లకే ఫస్ట్ ర్యాంకు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ ర్యాంకునే అర్హతగా పెడితే లీడర్ పదవి ఏటా అలాంటి ఇళ్ళ పిల్లలకే వెళుతుంది. కూలి చేసుకునే ఇంటి పిల్ల, తండాల నుంచి నడిచి వచ్చే పిల్ల, మొదటి తరం చదువుకుంటున్న పిల్ల ఆరు నుంచి పది దాకా ఐదేళ్ళూ ఆ పదవికి తను తగనని అనుకుంటూనే గడిపేస్తుంది. ఏ ఓటూ పడకుండానే నడిచే వివక్ష ఇది.

కులం గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే ఉపాయాలు మనకు కొత్త కాదు. పంచాయతీల్లో రిజర్వేషన్లు ఉన్నట్టే తరగతికి ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు తప్పనిసరి చేయవచ్చు. ఒకరే రెండోసారి పదవిలో ఉండకూడదని నియమం పెట్టవచ్చు. పదవీకాలం మూడు నెలలే అయితే ఏడాదిలో ఎక్కువమందికి అవకాశం వస్తుంది. చీటీలు తీయడాన్ని కూడా కొన్ని పనులకు వాడుకోవచ్చు. కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరులో సుమారు 920 నాటి పరాంతక చోళుడి శాసనాలు ఊరి సభకు సభ్యులను ఎంచే పద్ధతిని వివరంగా చెబుతాయి. తాటాకుల మీద పేర్లు రాసి కుండలో వేసి, ఒక చిన్నపిల్లవాడిచేత తీయించేవారు. అంతకు ముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాళ్ళు అనర్హులు. ఇటీవలే పదవి చేసినవాళ్ళకు మళ్ళీ అవకాశం లేదు. ఆ సభలో భూమి ఉన్న బ్రాహ్మణులకే చోటు దక్కింది కాబట్టి దాన్ని ఆదర్శంగా నేను చెప్పడం లేదు. లెక్క అప్పజెప్పాలి, పదవి చేతులు మారాలి అన్న ఆ రెండు నియమాలను మాత్రం మన తరగతి గదులు తీసుకోవచ్చు.

క్రమశిక్షణ పోతుందన్న వాదన

నాలుగో అభ్యంతరం క్రమశిక్షణ. మొక్కై వంగనిది మానై వంగునా అని ఇక్కడ తప్పకుండా అంటారు. నేనూ అదే సామెతతో అడుగుతున్నాను. చిన్నప్పుడు అబ్బని అలవాటు పెద్దయ్యాక అబ్బదంటే, ప్రశ్న అడిగే అలవాటు, ఇచ్చిన మాటకు జవాబు చెప్పే అలవాటు ఎప్పుడు రావాలి? వంగడం ఒక్కటే నేర్పిన మొక్క పెద్దయ్యాక వంగే ఉంటుంది. లంచం అడిగిన గుమాస్తా ముందు, ఓటుకు నోటిచ్చిన నాయకుడి ముందు వంగే మనుషులను మనం తక్కువ చూస్తున్నామా?

సార్ లేనప్పుడు లీడర్ పేర్లు రాస్తే తరగతి నిశ్శబ్దంగా ఉంటుందన్నది నిజమే. ఆ నిశ్శబ్దం సార్ వచ్చేదాకా మాత్రమే. భయం పోగానే అల్లరి రెట్టింపు వస్తుంది. పైగా 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఉపాధ్యాయుడికే లేని అధికారం ఉపాధ్యాయుడు పెట్టిన పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది? తోటి పిల్ల చేతికి బెత్తమిచ్చి కొట్టించడం, బోర్డు మీద పేరెక్కించి నలుగురిలో తలదించుకునేలా చేయడం ఆ చట్టం స్ఫూర్తికి విరుద్ధం.

పిల్లలకు తీర్పు చెప్పే బాధ్యత ఇస్తే వాళ్ళు క్రూరంగా ఉంటారని మరో భయం. దీనికి చరిత్రలో గొప్ప జవాబు ఉంది. పోలండు వైద్యుడు యానుష్ కోర్చాక్ 1912లో వార్సాలో తెరిచిన యూదు అనాథ బాలల ఆశ్రమంలో పిల్లల న్యాయస్థానం పెట్టాడు. ఆ వారంలో తమ మీద ఏ ఫిర్యాదూ లేని పిల్లల్లోంచి చీటీ తీసి న్యాయమూర్తులను ఎంచేవారు. పిల్లలు పిల్లల మీదనే కాక ఉపాధ్యాయుల మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. కోర్చాక్ తానే ఆ న్యాయస్థానం ముందు నిలబడ్డాడు. ఆ న్యాయస్థానం చట్టంలో మొదటి 99 సెక్షన్లూ క్షమించడానికి సంబంధించినవే. 1942 ఆగస్టులో నాజీలు ఆ ఆశ్రమంలోని దాదాపు 200 మంది పిల్లలను త్రెబ్లింకా మృత్యుశిబిరానికి తీసుకుపోయారు. తాను తప్పించుకునే అవకాశం ఉన్నా కోర్చాక్ పిల్లలను వదలకుండా వాళ్ళతోనే వెళ్ళాడు. పిల్లలకు అధికారం ఇస్తే గౌరవం పోతుందనుకునే ఉపాధ్యాయులు ఆయన జీవితం చదవాలి. ఆయన గౌరవం పిల్లల ముందు జవాబుదారీగా నిలబడటం వల్ల పెరిగింది.

ఒక్కరోజు స్వపరిపాలన

ఇంత చెప్పాక, మా బడిలో ఇవన్నీ ఉన్నాయని కొందరు అంటారు. స్వపరిపాలన దినోత్సవం చేస్తాం, ఎస్‌పీఎల్‌కు, అంటే బడి మొత్తానికి లీడరైన విద్యార్థికి, బ్యాడ్జి పెడతాం అంటారు. ఆ దినోత్సవం పిల్లలకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. అమ్మ చీర కట్టుకుని వచ్చిన పదో తరగతి పిల్ల ఆరో తరగతికి పాఠం చెబుతుంది. ఒకరు హెచ్‌ఎం, ఒకరు మండల విద్యాధికారి, ఒకరు జిల్లా విద్యాధికారి, ఒకరు కలెక్టర్. సాయంత్రం ఫొటోలు, బహుమతులు. సంతోషమే, ఉండనివ్వండి. కానీ అది వేషం. పెద్దల కుర్చీలో ఒక్కరోజు కూర్చోవడం వల్ల పిల్లగా తనకున్న గొంతు పెరగదు. మర్నాడు యూనిఫాంలో వచ్చిన అదే పిల్ల, తాగునీళ్ళ ట్యాంకు కడగలేదని చెప్పడానికి హెచ్‌ఎం గది గుమ్మం దగ్గర నిలబడి లోపలికి వెళ్ళాలా వద్దా అని వెనకాడుతుంది. ఆ గుమ్మం దాటే హక్కు ఇవ్వని స్వపరిపాలన స్వపరిపాలన కాదు.

ఎస్‌పీఎల్ సంగతీ అంతే. ప్రేయర్‌లో ముందు నిలబడి ఆర్డర్లు ఇవ్వడం, ప్రతిజ్ఞ చెప్పించడం, అతిథులకు పుష్పగుచ్ఛం అందించడం ఆ పదవి విధులు. మనం రోజూ చెప్పే ఆ ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. అప్పుడాయన విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. దేశం మీద, ప్రజల మీద సేవానిష్ఠను పిల్లలచేత పలికించాలని ఆయన తపించాడు. ఆ నిష్ఠకు ఆచరణలో చోటు చూపించాల్సింది బడే. రోజూ ప్రతిజ్ఞ చెప్పించే పిల్ల, బడిలో జరిగే ఒక్క నిర్ణయంలోనూ భాగం కాకపోతే ఆ మాటలు నోటికి వస్తాయి, నడతలోకి రావు.

పిల్లల గొంతు ఎందుకు అవసరమో భోజనం గిన్నె దగ్గర తెలుస్తుంది. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు పెద్దసంఖ్యలో అస్వస్థులయ్యారు. కొద్ది రోజుల్లోనే అదే బడిలో మళ్ళీ పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. తనిఖీ అధికారులు, కమిటీలు, రిజిస్టర్లు అన్నీ ఉన్న వ్యవస్థ ఇది. అన్నం నోట్లో పెట్టుకునేది మాత్రం పిల్లలు. బియ్యంలో పురుగు మొదట చూసేదీ, పప్పు వాసన మొదట పట్టేదీ వాళ్ళే. ఆ మాట వెంటనే చెప్పడానికి, చెప్పినందుకు తిట్లు పడకుండా ఉండటానికి, విన్నవాళ్ళు ఏం చేశారో తిరిగి అడగడానికి ఒక ఏర్పాటు ఉండాలి. ఎన్నికైన లీడర్ ఉండాల్సింది ఈ పని కోసం.

ఇలాంటివి మన దేశంలోనే సాధ్యమయ్యాయి. రాజస్థాన్‌లో అజ్మీరు జిల్లా తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీ రాత్రిబడుల్లో, పగలు మేకలు, పశువులు కాసే పిల్లలు ఓటువేసి తమ పార్లమెంటును ఎన్నుకున్నారు. ఆ పార్లమెంటులో పిల్లలు రాత్రిబళ్ళు ఎలా నడుస్తున్నాయో, టీచర్ వస్తున్నారో లేదో చూశారు. కర్ణాటకలో 2006 నుంచి గ్రామ పంచాయతీలు ఏటా పిల్లల గ్రామసభ జరుపుతున్నాయి. బడికి ప్రహరీ లేదని, దారిలో దీపం లేదని పిల్లలు అడుగుతారు, పంచాయతీ పెద్దలు జవాబు చెప్పాలి. ఆ పిల్లలు మన పిల్లల కంటే తెలివైనవాళ్ళేమీ కారు. వాళ్ళను అడిగినవాళ్ళు ఉన్నారు, అంతే తేడా.

ఏం చేయాలి

మార్పు చేయడానికి కొత్త నిధులు అక్కర్లేదు. ప్రతి తరగతిలో మూడు నెలలకోసారి రహస్య ఓటు పెట్టాలి. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు ఎన్నిక కావాలి. మార్కుల నిబంధన ఉండకూడదు. పోటీ చేసే ప్రతి పిల్లా తరగతి ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలి, ప్రశ్నలకు జవాబివ్వాలి. మిఠాయిలు, బహుమతులు పంచడం నిషేధించాలి. నచ్చని లీడర్‌ను మధ్యలోనే మార్చే వీలు తరగతికి ఉండాలి.

పేర్లు రాయడం, కొట్టడం, జరిమానా వసూలు చేయడం లీడర్ పనుల్లోంచి పూర్తిగా తీసేయాలి. టీచర్ లేని పీరియడ్ బాధ్యత బడిది, పిల్లది కాదు. లీడర్ పని వేరు. వారానికోసారి తరగతితో కూర్చుని సమస్యలు, సూచనలు ఒక పుస్తకంలో రాయాలి. నెలకోసారి అన్ని తరగతుల లీడర్లూ హెచ్‌ఎంతో సమావేశం కావాలి. భోజనం, తాగునీళ్ళు, బాత్రూములు, ఆటల పీరియడ్, లైబ్రరీ పుస్తకాలు, హోంవర్క్ భారం, ఒకరినొకరు ఏడిపించడం ఆ సమావేశంలో చర్చకు రావాలి. మార్కులు, పరీక్షలు, ఉపాధ్యాయుల సర్వీసు విషయాలు ఆ సమావేశం పరిధిలోకి రానక్కర్లేదు. హెచ్‌ఎం ప్రతి అంశానికీ పుస్తకంలోనే జవాబు రాయాలి. చేయగలిగితే ఎప్పటికి చేస్తామో, చేయలేకపోతే ఎందుకు చేయలేమో రాయాలి. కాదనే హక్కు హెచ్‌ఎంకు ఉంటుంది. కారణం చెప్పకుండా ఉండే హక్కు ఉండకూడదు.

విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు ఉండాలి. మిగిలిన భాగంలో స్థానిక విద్యావేత్తలకో, బడి పిల్లలకో చోటివ్వవచ్చని కేంద్రం 2010లో ఇచ్చిన మాదిరి నియమాలు చెబుతున్నాయి. ఆ చోటును పిల్లలకే ఇవ్వాలి. కమిటీ సమావేశంలో పిల్లల పుస్తకం చదివి వినిపించాలి. ప్రైవేటు బళ్ళకూ ఇది వర్తించాలి. ఫీజు కట్టించుకునే బడి పిల్లల మాట వినకుండా తప్పించుకోవడానికి కారణం లేదు.

మొదటి ఏడాది పిల్లలు తప్పులు చేస్తారు. అందగాణ్ణో, జోకులు వేసేవాణ్ణో ఎన్నుకుంటారు. ఒకడు తన స్నేహితులకే పని చేస్తాడు. మూడు నెలల్లో తరగతి దాన్ని గమనిస్తుంది, మళ్ళీ ఓటు వేసేటప్పుడు సరిచేసుకుంటుంది. ఆ సరిచేసుకోవడమే వాళ్ళు నేర్చుకోవాల్సిన పాఠం. బడిలో జరిగే తప్పు ఎన్నిక ఖరీదు మూడు నెలలు. అదే పాఠం 18 ఏళ్ళు దాటాక నేర్చుకుంటే ఖరీదు ఐదేళ్ళు, ఊరంతా కట్టాల్సి వస్తుంది.

హెడ్మాస్టర్లకు, హెడ్మిస్ట్రెస్‌లకు నా విన్నపం సూటిగా ఉంది. ఇందుకు జీవో కోసం ఎదురుచూడనక్కర్లేదు. మీ బడిలో ఈ వారమే చీటీలు పంచి ఎన్నిక జరపండి. గెలిచిన పిల్ల మొదటి ఫిర్యాదు పట్టుకుని మీ గదిలోకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి వినండి, పుస్తకంలో జవాబు రాసి సంతకం పెట్టండి. ఆ సంతకం మీ అధికారాన్ని తగ్గించదు. రేపు గ్రామసభలో లేచి నిలబడి లెక్క అడిగే మనిషిని, అడిగినప్పుడు లెక్క చెప్పే సర్పంచ్‌నూ తెలుగు రాష్ట్రాలకు ఇవ్వగలిగింది మీ బడే.